తెల్ల టోపీ పెట్టుకున్న వారం

ఆ రోజుల్లో ఎవడు సీనియరో తెలుసుకోవాలంటే వాడి నెత్తి చూస్తే చాలు. మా దీవిలో లెస్కాలియే ఊరి దగ్గరున్న చక్కెర మిల్లులో తెల్ల టోపీ ఉన్నవాడు నడుస్తున్న గానుగను ఆపించగలడు. గుడ్డ టోపీవాడు ముప్పై ఏళ్లు పనిచేసినా ఆపమని అడగాల్సిందే. మా మావయ్యది గుడ్డ టోపీ. బేరింగు మీద అరచెయ్యి ఆనించి దాని ఒంట్లో సంగతి చెప్పేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. కానీ పరీక్ష పాసైన కాగితం నా దగ్గరుంది (ఆయన దగ్గర అరచెయ్యి మాత్రమే), అందుకని ఇరవై నాలుగో ఏట తెల్ల టోపీ నాకొచ్చింది. మా అమ్మ దానికి హారతిచ్చింది. నేను అది పెట్టుకునే అన్నం తిన్నాను.

నాలుగో రోజు మావయ్య పరుగెత్తుకొచ్చాడు. "అయో, అల్లుడూ! బేరింగు సో, చాలా సో! కాలిపోతోంది, చెయ్ పెట్టలేను. మిల్లు ఆపు." బయట చెరకు బళ్లు రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి. మొదటి వారమే మిల్లు ఆపితే దొర టోపీ లాక్కుంటాడని నా భయం. గొంతు పెంచి, "సీనియర్ ఎవరు మావా? నేను చూసుకుంటాగా" అన్నాను. (చూడలేదు. టోపీకి గ్రీజు అంటుతుందని దగ్గరికే పోలేదు.) ఆయన నా నెత్తి వంక చూసి, "వీ, మిస్యే" అని తలూపి వెళ్లిపోయాడు. అల్లుడూ అని తప్ప పిలవని మనిషి, దొరని పిలిచినట్టు పిలిచాడు! అరగంటలో బేరింగు కాలి గానుగ బిగుసుకుపోయింది. మూడు రోజులు మిల్లు మూతపడింది, బళ్లలో చెరకు పులిసింది. తప్పెవరిదని దొర అరిచాడు. నేను నోరు విప్పేలోగా (అబద్ధమెందుకు, నేను విప్పనే లేదు) మావయ్య, "నేనే లేటుగా చెప్పాను, మిస్యే" అన్నాడు. ఆయన్ని బళ్ల నుంచి చెరకు దింపే పనిలో పడేశారు. టోపీ నా నెత్తిమీదే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ దాన్ని తియ్యలేదు.

తరవాత స్వాతంత్ర్యం వచ్చింది, దొర మారాడు, టోపీలూ పోయాయి. "రేపట్నుంచి గానుగ దగ్గరికి రా మావా" అని చెప్పడానికి పరుగెత్తాను. ఆయన అరచెయ్యి చాపాడు. చెరకు మోసి మోసి కాయలు కాసిపోయింది. "ఇప్పుడు నిప్పు పెట్టినా తెలీదు, అల్లుడూ" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ కాస్త వెచ్చబడినా "ఆపండి!" అని అరుస్తాను. "బాగానే ఉంది తాతా" అంటుంది మనవరాలు. ఉండనీ. అనాల్సిన రోజున అనలేకపోయిన మాట, ముసలాణ్ణి, ఇప్పుడు కనిపించినదానికల్లా అంటున్నాను.