పూజలో పెట్టిన ఇత్తడి గొట్టం

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మేస్త్రీ అయ్యారు. మా తాత మెయిల్ ఇంజను డ్రైవరు. ఆయన పూరీ గేట్ దగ్గర నడిచి వస్తుంటే ఖలాసీలు సైకిళ్లు దిగేవారు. మా నాన్న లేనిదే ఇక్కడి తెలుగువాళ్ల పంచాయితీ ఏదీ తెగేది కాదు. ఈ వరసలో చిన్నాన్న మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన వర్క్‌షాపులో టర్నరు. సాయంత్రాలు గిటారు మీద బ్లూస్ రాక్ వాయించేవారు. ముప్పై నిండకుండానే కామెర్లతో పోయారు. అప్పటికి నేను పుట్టలేదు.

ఆయన వాయించినది ఒక్క క్యాసెట్ మిగిలింది. అందులో గిటారు స్వరం మెట్లెక్కదు, తెగకుండా జారుతుంది, ఎవరో గొంతెత్తి ఏడుస్తున్నట్టు. అదెలా చేశారో నాకు అంతుపట్టేది కాదు. మా ఇంటి మనిషి విద్య మా ఇంట్లోనే తెలియకపోవడం మింగుడుపడలేదు. టేపు అరిగిపోతోంది. అది మూగబోయేలోగా తెలుసుకోవాలనుకున్నాను.

ఆయనతో కలిసి పాడిన ఆవిడ ఈ ఊళ్లోనే నిమ్‌పురాలో ఉంటారు, ఇప్పుడు చర్చిలో గిటారు వాయిస్తారు. కబురు పెడితే గిటారుతో సహా వచ్చారు. ఆ రోజు విశ్వకర్మ పూజ. తాతగారి సుత్తి, స్పానర్లు, ఆయన ఇంజనులోదని మేం చెప్పుకునే చిన్న ఇత్తడి గొట్టం, అన్నీ బొట్లు పెట్టి పీట మీద ఉంచాను.

ఆవిడ గొట్టాన్ని చూసి, నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఏటి బాబూ, దీనికీ బొట్టెట్టినావా?"

"తాతగారి ఇంజనులోది, ఆంటీ. ఏటా పెడతాం."

"ఇంజనూ లేదు, గింజనూ లేదు! మీ సిన్నాన్న లేత్ మీద సేసుకున్నాడు. ఏలికి తొడుక్కుని తీగల మీద జార్సీవోడు."

"మాకెవరూ చెప్పలేదే?"

"ఎవుల్నైనా అడిగినావా, జమీందారు బాబూ?"

బొట్టు తుడిచి, గొట్టాన్ని చిటికెన వేలికి తొడుక్కుని తీగల మీద జార్చారు. అదే ఏడుపు. నేను నిటారుగా కూర్చునే విన్నాను. తర్వాత గిటారు నా ఒళ్లో పెట్టారు. జార్చబోతే తీగ కీచుమంది.

"నొక్కకు బాబూ, ఊరికే ఆనించు. మీ ఇంటోళ్లకి అన్నీ నొక్కడమే అలవాటు."

మళ్లీ ఆనించాను. ఈసారి కొంచెం జారింది. ఆవిడ తల పంకించారు.

"ఆడి గిటారైతే ఇంకా బాగా పలుకుతాది. ఏదది?"

చిన్నాన్న చనిపోయిన నెలలోనే గిటారునూ ఆంప్లిఫయరునూ మా నాన్న కలకత్తా తీసుకెళ్లి అమ్మేశారు.