చిలుక ఎద మీద కట్టు

1964లో కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వెళ్లాను. అది నా మొదటి పోస్టింగు. ఊరి పేరు రాయడం లేదు. తప్పు ఊరిది కాదు, నాది.

ఒక పొద్దున మల్లయ్య అనే రైతు తను పెంచుకుంటున్న రామచిలుకను గంపలో తెచ్చాడు. వెంట అతని తల్లి లచ్చవ్వ. పిల్లి పట్టడంతో చిలుక రెక్క విరిగింది. లచ్చవ్వ పసుపు అద్ది వేలితో అదిమి పట్టినందువల్ల నెత్తురు అప్పటికే ఆగింది. నిజానికి ఆ చిలుకకు అందిన వైద్యంలో సరిగ్గా జరిగింది అదొక్కటే.

విరిగిన రెక్కను మడిచి ఒంటికి ఆనించి, కట్టు కింద వేలు దూరేంత వదులుగా చుట్టాలి. ఎదఎముక కదిలితేనే పక్షికి ఊపిరి ఆడుతుంది. ఇది చదువుకున్నాను. కానీ నా చేతికి అలవాటైంది ఎద్దుల కాళ్లకు వేసే కట్టు. బిగించి లాగాను.

లచ్చవ్వ వంగి చూసింది. "జర ఒదులు చెయ్యిన్రి సారూ. నోరు తెరుస్తున్నది."

"డాక్టరు నువ్వా, నేనా అవ్వా?" అన్నాను.

మల్లయ్య నవ్వాడు. "మా అవ్వ ఊరందరికీ డాక్టరే సారూ." ఎవరికి కొడవలి తెగినా, ఏ పశువుకు కొమ్ము గుచ్చుకున్నా ముందు ఆమెనే పిలిచేవారు.

మర్నాడు ఇద్దరూ చచ్చిన చిలుకను తెచ్చారు. కట్టు విప్పితే గుడ్డ అచ్చు ఎద మీద పడి ఉంది. నాకు అర్థమైంది. ఏమైందని మల్లయ్య అడిగితే, పసుపు నెత్తురులో కలిసి విషమైందన్నాను. రిజిస్టరులో 'నాటు వైద్యం వల్ల మరణం' అని రాశాను.

మల్లయ్య తల్లి వైపు తిరిగాడు. "నీ చేతులు ఊకుంటయా? సంపినవ్ గదనే."

"నెత్తురు ఆగుతలేదని పెట్టిన కొడుకా," అని ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

డాక్టరు అన్నాడని ఊరంతా నమ్మింది. ఆ వానాకాలం దుక్కిలో మల్లయ్య ఎద్దు కాలికి నాగటికర్రు దిగింది. గట్టు మీదున్న లచ్చవ్వను మల్లయ్యే బతిమాలినా ఆమె ముట్టలేదట. "నా చేతులల్ల విషమున్నది. దవాఖానకే తీస్కపో," అన్నదట. బండి మా గేటు దాకా వచ్చేసరికి ఎద్దుకు ప్రాణం లేదు. గాయాన్ని అదిమి పట్టి ఉంటే దక్కేది. అప్పుడైనా మల్లయ్యకు నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

లచ్చవ్వ మరో నాలుగేళ్లు బతికింది. ఎవరి గాయాన్నీ ముట్టలేదు.

పక్షి ఎదకు కట్టు బిగించకూడదు. నెత్తురు కారే గాయాన్ని దగ్గరున్నవారే వెంటనే అదమాలి. ఈ రెండు మాటలూ ఆ ఊళ్లో ఎవరికీ చెప్పకుండానే బదిలీ మీద వెళ్లిపోయాను.