మానిటరు మూలన పసుపు కాగితం

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆయన్ని అందరూ సర్వరు బాబాయి అంటారు. వయసు యాభై రెండు. పలచబడ్డ జుట్టు, చొక్కా జేబులో మూడు పెన్నులు, వాటిలో రాసేది ఒక్కటే. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా నలభై రెండు మంది కంప్యూటర్లూ ఆయన గదిలోని సర్వరు అనే ఒక్క నల్ల పెట్టె చెప్పినట్టు నడుస్తాయి. పొద్దున్నే ఎవరు తమ పేరూ పాస్‌వర్డూ కొట్టినా, వీళ్ళు మనవాళ్ళేనని గుర్తుపట్టి లోపలికి పంపేది ఆ పెట్టే. అది పంపకపోతే ఒక్క రిపోర్టూ బయటికి రాదు. మూడేళ్ళలో అది పని వేళల్లో ఒక్క నిమిషం ఆగింది లేదు. ఆ సంగతి బాబాయి రోజుకి ఒకసారైనా ఎవరో ఒకరి చెవిన వేస్తాడు. వాళ్ళు అడిగారా లేదా అన్నది ఆయనకి అనవసరం.

ఇన్ని చెప్పే మనిషి ఒక్క సంగతి మాత్రం కడుపులోనే దాచుకున్నాడు. ఆయన మానిటరుకి కింద కుడివైపు మూలన అగ్గిపెట్టెంత పసుపు కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ‘తాకరాదు’ అని ఆయన చేతిరాతే. ఎవరైనా అడిగితే, అక్కడ గాజు చెడిందనీ, వేలు పెడితే ఇంకా పాకుతుందనీ చెప్పేవాడు. గాజు నిక్షేపంలా ఉంది. చెడ్డ పేరు తెచ్చేది కాగితం వెనక తెర మీద కనబడే అక్షరాలు: ఇది ట్రయల్ ప్రతి, గడువు ఇంకా ఇన్ని రోజులు.

అలాగని బాబాయి దొంగ సరుకు వాడే రకం కాదు. ల్యాబు తెరవకముందే డాక్టరమ్మ ఆ పెట్టెని నడిపే సాఫ్ట్‌వేరు అసలు లైసెన్సుకి డబ్బు కట్టింది. దాని ప్యాకెట్టు వారం ఆలస్యంగా వచ్చింది. ల్యాబేమో సోమవారం తెరవాలి. ప్రస్తుతానికి కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చే ట్రయల్‌తో లాగిద్దాం, ప్యాకెట్టు రాగానే దాని మీది నంబరు కొట్టేస్తే సరి అనుకుని, అందరి పేర్లూ పాస్‌వర్డులూ దానికే అప్పగించాడు. తప్పు అక్కడే జరిగింది. తీరా ప్యాకెట్టు వచ్చి నంబరు కొడితే, అందరి పేర్లూ మోస్తున్న పెట్టెని అసలు ప్రతిగా మార్చడం కుదరదని సర్వరు మొహం మీదే చెప్పేసింది. ముందు ఆ బాధ్యత ఇంకో పెట్టెకి ఇవ్వాలట, దీన్ని గద్దె దింపాలట, నంబరు అప్పుడు కొట్టాలట. అది చదివి బాబాయి ప్యాకెట్టుని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ట్రయల్ గడువు ఆరు నెలలు. అది ఐదుసార్లు పొడిగించుకోవచ్చు. ఇంకేం, బాబాయి ఐదుసార్లూ పొడిగించాడు. ఒక్కో పొడిగింపు రోజున సొరుగు తీసి, ప్యాకెట్టు మీది నంబరులోని ఇరవై ఐదు అక్షరాలు ఒకసారి చదువుకుని, ఈ ఆరు నెలల్లో తప్పకుండా చేసేద్దాం అని మళ్ళీ లోపల పెట్టేవాడు. అలా చదివీ చదివీ అవి కంఠతా వచ్చేశాయి. ఇంట్లో కారే పంపుకి ప్రస్తుతానికని గుడ్డ కట్టి రెండేళ్ళయింది, మధ్యలో గుడ్డ మార్చాడు గానీ పంపు మార్చలేదు. ఆయన పద్ధతే అంత.

ఇప్పుడు పొడిగింపులన్నీ అయిపోయాయి. తొమ్మిది రోజులు మిగిలాయి. ఆ తరవాత సర్వరు గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. సూది గుచ్చుకుని చేయి మడుచుకుని కూర్చున్న జనం, రిసెప్షన్ అమ్మాయి బిక్కమొహం, డాక్టరమ్మ తన గదిలోంచి లేచి వచ్చి ఆ పసుపు కాగితం పీకి చూడడం, ఇవన్నీ బాబాయికి కళ్ళకి కట్టినట్టు కనబడుతున్నాయి. ఉద్యోగం పోతుందన్న బెంగ అంతగా లేదు. మూడేళ్ళుగా ఆవిడ ఎవరొచ్చినా ఈయన్ని చూపించి, మా బాబాయిగారుండగా నాకు సర్వరు బాధ లేదు అంటుంది. ఆ మాట పోతుందని బాధ.

రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోయేసరికి ఇంటావిడ కూర్చోబెట్టి సంగతంతా కక్కించింది. ఆవిడ బడిలో నాలుగో తరగతి టీచరు. పరీక్ష పేపర్లు దిద్దుతూనే అంతా వింది.

“పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నేను సెలవు పెట్టలేదూ?” అంది. “హాజరుపట్టీ పక్క టీచరుకిచ్చి వెళ్ళాను. నాలుగు నెలలకి తిరిగొచ్చి తీసుకున్నాను. పిల్లలెవరూ మాయమైపోలేదండీ.”

 మూడేళ్ళుగా బాబాయి లావుపాటి పుస్తకాలు తిరగేసినా తగ్గని దడ ఈ ఒక్క మాటతో సగం తగ్గింది. మిగతా సగం కోసం, ఆదివారం నువ్వూ రా అని ఆవిణ్ణి బతిమాలుకున్నాడు.

ఆదివారం ల్యాబుకి సెలవు. రిసెప్షన్‌లోంచి తీసేసిన పాత కంప్యూటరుని దుమ్ము దులిపి పక్కన పెట్టాడు. నల్ల పెట్టెలో ఉన్నదంతా రెండుసార్లు కాపీ తీసి వేరేచోట దాచి, మనసాగక మూడోసారీ దాచాడు. చేసిన ప్రతి పనీ ఒక నోటు పుస్తకంలో రాస్తూ పోయాడు. ఇన్నాళ్ళూ అంతా బుర్రలోనే ఉందని గొప్పగా చెప్పుకున్న మనిషి, పెన్ను పట్టడం ఆరోజే మొదలు. పేర్లన్నీ పాత కంప్యూటరుకి అప్పగించాక, ఇంటావిడ పేరుతో నలభై మూడో ఖాతా తెరిచి, ఆవిణ్ణి రిసెప్షన్‌లో కూర్చోబెట్టి పాస్‌వర్డు కొట్టమన్నాడు. లోపలికి వెళ్ళిపోయానని ఆవిడ అక్కడినుంచే చెప్పింది.

అప్పుడు నల్ల పెట్టెని గద్దె దింపి, ఇరవై ఐదు అక్షరాలూ కొట్టాడు. ప్యాకెట్టు చేతిలో ఉంది గానీ దానివైపు చూడలేదు. తెర మీద పది శాతం అని వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. పది నిమిషాలకీ పదే, అరగంటకీ పదే. బాబాయి కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగాడు. మధ్యలో ఆపితే ఉన్నదీ పోతుంది. ఆవిడ ఓ పక్కన పేపర్లు దిద్దుకుంటూ, మన పెళ్ళిచూపులప్పుడు కూడా మీరిలాగే కూర్చున్నారు అంది. నలభయ్యో నిమిషంలో తెర ఒక్కసారిగా కదిలింది. పెట్టె ఆరి, వెలిగి, తానిప్పుడు అసలు ప్రతినని ఒప్పుకుంది. చీకటి పడకముందే పేర్లన్నీ తిరిగి దాని చేతికి వచ్చాయి.

ఇక మూలన ఏముందో చూద్దామని పసుపు కాగితం మెల్లగా ఒలిచాడు. గాజు మీద అక్షరం ముక్క లేదు. సంతోషపడబోతూ కాగితం తిప్పి చూసి ఆగిపోయాడు. తను జిగురుతో అంటించినట్టు బాగా గుర్తు. వెనకాల ఉన్నది మాత్రం మడత పెట్టిన తెల్ల ప్లాస్టరు ముక్క, రక్తం తీశాక దూది మీద వేసేది. ఎప్పటిదో, అంచులు నల్లబడ్డాయి.

సోమవారం పొద్దున్నే ప్యాకెట్టూ నోటు పుస్తకమూ పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోకుండా మొదటి వారం నుంచీ నిన్న సాయంత్రం దాకా అంతా చెప్పేశాడు. ఆవిడ రిపోర్టుల మీద సంతకాలు ఆపలేదు.

“తెలుసండీ. ఆ ప్లాస్టరు నేనే అంటించాను,” అంది.

రెండేళ్ళ కిందట ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఏదో రిపోర్టు కోసం ఆ గదికి వచ్చిందట. కాగితం ఊడి నేల మీద పడి ఉంది, తెర మూలన గడువు కనబడుతోంది.

“మరి అప్పుడే అడగలేదేమమ్మా?”

“అడిగితే గాజు చెడిందని నాకూ చెప్పేవారు. మీ చేత నాకు అబద్ధం చెప్పించడం ఇష్టం లేకపోయింది. మీరే వస్తారని చూశాను. ఇంత పడుతుందనుకోలేదు,” అని ఆవిడ చెయ్యి చాపి నోటు పుస్తకం తీసుకుంది.

బాబాయికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తను లోకాన్నుంచి దాచాననుకున్నదాన్ని ఇంకొకరు రెండేళ్ళుగా తనకోసం దాచిపెట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కళ్ళజోడు తుడుచుకునే మిషతో వరండాలో నిలబడ్డాడు.

గదికి వచ్చేసరికి రిసెప్షన్ అమ్మాయి మానిటరు వైపే వింతగా చూస్తోంది. గాజు బాగైపోయిందా బాబాయ్ అని అడిగింది.

ఔననడానికి నోరు తెరిచాడు. అలవాటు కదా. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“గాజుకి ఎప్పుడూ ఏమీ కాలేదమ్మా,” అన్నాడు.