ఐరేని కుండకు చిల్లు

మానుకోట బజారులో లక్ష్మీకాంత్ కిరాణా దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు గానీ, దుకాణం వెనక వీధి ఆడవాళ్లకు ఆయనతో పనిలేదు. వాళ్లకు తెలిసింది ఆయన భార్య భాగ్యలక్ష్మి. చాటున ఆమెను ‘చిల్లుల భాగ్యమ్మ’ అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆమె నోరు అలాంటిది.

ఆమె పెంచేవి సక్యులెంట్లు. ఆకుల్లోనే నీళ్లు దాచుకునే బొద్దు మొక్కలు. రాలిన ఆకును మట్టి మీద పడేసినా వేరు తొడుగుతుంది. కొత్త కుండీ ఒక్కటీ కొన్న పాపాన పోలేదు మహాతల్లి. పాత సామాన్ల కొట్టులో దొరికిన ఊరగాయ జాడీలు, పిడి విరిగిన కప్పులు, ఎవరో పారేసిన కూజాలు, అన్నీ ఆమె డాబా మీదికి చేరాల్సిందే. చేరినదానికల్లా అడుగున చిల్లు పడాల్సిందే. ఈ మొక్క ఎండకు చావదు, నిలవనీళ్లకు చస్తుందని ఆమె వాదం. పక్కింటి శ్రావ్య చిల్లు లేని గాజు గిన్నెలో నాటి, మొక్క కుళ్లిపోయిందని ఏడుపు మొహంతో వస్తే, ఓదార్చడం మాట అటుంచి కడుపునిండా తిట్టి, ఇంకో మొక్క చేతిలో పెట్టి పంపింది.

ఆ ఏడు ముసురు పట్టిందంటే పట్టింది, వదల్లేదు. ఒక పొద్దున లక్ష్మీకాంత్ గూడూరు వైపు పల్లెల్లో దుకాణాలకు ఏ సరుకు కావాలో కనుక్కోవడానికి బండి మీద బయల్దేరాడు. ఆయన అటు వెళ్లగానే ఈమె డాబా ఎక్కింది. ఒక పెద్ద మొక్కకు కింది ఆకులు పసుపుబారి మెత్తబడ్డాయి. వెంటనే కుండీ మార్చాలి, ఖాళీది ఒక్కటీ లేదు. వంటింటి అటక మీద వెతికితే మసిబారిన మట్టికుండ ఒకటి దొరికింది. సంతోషంలో అది ఏ కుండో చూసుకోలేదు. అడుగు నానేదాకా నీళ్లలో ఉంచి, టేపు అంటించి, దుకాణంలో అరలు బిగించే డ్రిల్లు మిషన్‌తో మెల్లగా చిల్లు పెట్టింది. పగలకుండా పెట్టడంలో ఆమెకు ఆమే సాటి.

నీళ్లు దిగుతాయో లేదో చూద్దామని చెంబెడు పోసి పైకెత్తింది. చిల్లులోంచి సన్నగా ధార కట్టింది. తడికి మసి జారి, కుండ పొట్ట మీద సున్నపు గీతలు, ఎర్రటి జాజు బొట్లు బయటపడ్డాయి.

అది ఐరేని కుండ. పెళ్లిలో కుమ్మరింటి నుంచి మేళాలతో తెచ్చి, పూజ చేసి, ఆలుమగలు బతికినంత కాలం పదిలంగా దాచుకునే కుండ. తన పెళ్లి కుండ! చిల్లు కుండలోంచి నీటిధార పడడం ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది. వాళ్ల నాయిన చితి చుట్టూ తమ్ముడు భుజాన కుండ పెట్టుకుని తిరిగినప్పుడు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

వెనక్కి తిరిగితే మెట్ల దగ్గర, చిన్న వయసులోనే భర్త పోయిన అత్త అండాలమ్మ. కుండ వంక చూసింది, కోడలి వంక చూసింది, కిమ్మనకుండా కిందికి దిగిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఎవరైనా తుమ్మితే చెప్పులు విప్పించి కూర్చోబెట్టే మనిషి నోరు విప్పలేదంటే, రాబోయే కీడు అంత పెద్దదన్నమాట అనుకుంది భాగ్యలక్ష్మి.

భర్తకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది, మళ్లీ అదే. వాన చూస్తే దంచుతోంది. మధ్యాహ్నం దుకాణం గుమాస్తా సురేష్ వచ్చి, గూడూరు దారిలో వాగు రోడ్డెక్కి పారుతోందని, రాకపోకలు బందయ్యాయని చెప్పాడు. ఎవరో బండి మీద దాటబోయి కొట్టుకుపోయాడట. ఎవరని అడిగితే తెలియదంటూ నేలచూపులు చూశాడు.

ఆమె సిమెంటు ముద్ద చేసి చిల్లు పూడ్చబోయింది. ముద్ద జారిపోయింది. మళ్లీ పెడితే తడి కుండకు పట్టలేదు. ఇన్నేళ్లూ చిల్లులు పెట్టడమే నేర్చుకుంది గానీ పూడ్చడం నేర్వలేదు. కురవి వీరన్నకు మొక్కుకుందామని కళ్లు మూసుకుంటే దేవుడు కనబడలేదు, వాగు కనబడింది. ఆయన్ని తానే చంపుకున్నానని అనిపించి, ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. అండాలమ్మ గుమ్మంలో పీట వేసుకుని వీధి వంక చూస్తూ కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు ట్రాక్టరు ఒకటి వచ్చి ఆగింది. లక్ష్మీకాంత్ దిగాడు, ఒళ్లంతా బురద. వాగు దగ్గర తండా మనిషి సోమ్లా బండి హ్యాండిలు పట్టుకుని అడ్డుపడ్డాడట. ముందు వెళ్లినవాడు మాత్రం వినలేదు, కళ్ల ముందే పోయాడు. ఫోన్ తడిసి చచ్చింది. బండి సోమ్లా ఇంట్లో వదిలేసి, చుట్టుదారిన వచ్చే ట్రాక్టరు ఎక్కాడు. చెబుతుంటే ఆయన దవడలు కొట్టుకుంటున్నాయి.

భాగ్యలక్ష్మి ఆయన చొక్కా పట్టుకుని గడప మీదే కూలబడింది. “నేనే చేసిన. మన ఐరేని కుండకు చిల్లు పెట్టిన. మీరు ఇగ రారనుకున్న” అంది. అత్త వైపు తిరిగి, “అత్తమ్మా, ఒక్క మాటన్న తిట్టు. పొద్దటి సంది సప్పుడు చేస్తలేవు. దాన్ని యాడ పారెయ్యాల్నో చెప్పు, పారేసొస్త” అంది.

అండాలమ్మ కొంగుతో కొడుకు తల తుడుస్తోంది.

“ఏమని తిట్టాలె బిడ్డా? నా ఐరేని కుండ నా మంచం కింద గుడ్డల సుట్టి ఉన్నది. పండుగ పండుగకు తీసి తుడుస్త. ఒక్క పగులు లేదు. మరి మీ మామ యాడున్నడు?”

అసలు భయం భాగ్యలక్ష్మికి అప్పుడు పట్టుకుంది. పొద్దటినుంచి గండమంతా కుండలో ఉందనుకుంది, కుండను వదిలించుకుంటే అదీ పోతుందనుకుంది. ఇప్పుడు దేన్ని పారెయ్యాలి?

“పొద్దుగాల వాన జర తెరిపిస్తే మళ్ల పోవాలె, బండి ఆడనే ఉన్నది” అన్నాడు లక్ష్మీకాంత్. ఆమె చొక్కా వదల్లేదు.