వదిన శుభలేఖ అక్షరాలు

జహీరాబాద్‌లో మా ఆయనకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. డెబ్బైల్లో బిల్లు పుస్తకమైనా, పెళ్లి కార్డయినా అవే సీసపు అక్షరాలతో అచ్చయ్యేవి. శుభలేఖకు వేరే అందం తెచ్చింది మా వదిన, అంటే మాతోనే ఉండే మా ఆయన అక్క.

వదిన సరిహద్దు అవతల కన్నడ బడిలో చదువుకుంది. తెలుగు తరువాత నేర్చుకుంది. అందుకేనేమో ఆమె అక్షరాల గుండ్రదనమే వేరు. వెదురు కలం మొనను ఏటవాలుగా కోసి, బజారులోని ఉర్దూ బోర్డుల్లో లాగా వత్తులను పొడుగ్గా కిందికి జారవిడిచేది. ఒక అక్షరం తోక పక్క అక్షరం కిందికి సాగేది. ఆమె రాసిన వధూవరుల పేర్లను హైదరాబాద్ పంపి, ఉన్నదున్నట్టు అచ్చుపడే లోహపు బ్లాకు చేయించేవాళ్లం. చుట్టుపక్కల న్యాల్‌కల్ లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ రాతే కావాలనేవారు.

ఒక్కోసారి బ్లాకు వచ్చేసరికి ముహూర్తం దగ్గరపడేది. అందుకని ఆ అక్షరాలన్నిటినీ సీసంలో పోత పోయించాలని మా ఆయన అనుకున్నాడు. వంటపని నాకు వదిలేసి, వదిన ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని గుణింతాలు, వత్తులు రాసింది. నచ్చనివి పొయ్యిలో వేసేది. అంత సంతోషంగా ఆమెను మళ్లీ చూడలేదు.

ముగ్గురం బస్సులో హైదరాబాద్ వెళ్లాం. పోత పోసే ఆయన కాగితాలను చాలాసేపు చూసి, బాగున్నాయన్నాడు. కానీ ఒక్కో అక్షరం ఒక్కో సీసపు ముక్క మీద ఇమడాలని, బయటికి వచ్చిన తోకలు అచ్చులో విరుగుతాయని, కత్తిరించక తప్పదని చెప్పాడు.

వదిన తమ్ముడి వైపు తిరిగింది. “తోకలు తీసేస్తె ఇవి నా అక్షరాలెట్లయితయి తమ్మీ? జర ఆగుదాం.”

ఇంతదూరం వచ్చాక ఆగడమెందుకని మా ఆయన నచ్చజెప్పాడు. చివరికి తోకలు ఎక్కడ తెగాలో వదినే పెన్సిల్‌తో గీతలు పెట్టింది.

అచ్చులో ఆ అక్షరాలు దూరం దూరంగా, ఒకదానికొకటి తెలియనట్టు నిలబడ్డాయి. గిరాకీలు వంక పెట్టలేదు. కార్డులు తొందరగా తయారయ్యేవి. చేతిరాత అవసరం పోయింది. వదిన కలం పట్టడం మానేసింది.

ఎనభైలు సగం దాటాక రాతను ఫోటో తీసి అచ్చువేసే ఆఫ్‌సెట్ సంగతి మాకు తెలిసింది. మా ఆయన హైదరాబాద్‌లో ఆ మిషన్ చూసి, పరుగున ఇంటికొచ్చాడు. “అక్కా, ఇగ కోసే పనిలేదు. నువ్వెట్ల రాస్తె అట్లనే పడ్తది” అన్నాడు.

అప్పటికే వదిన చేతికి వణుకు వచ్చింది. అయినా కలం కోసుకుని కూర్చుంది. గీత మొదట్లో నిలకడగానే వచ్చేది, కిందికి జారేచోట అదిరిపోయేది.

“అప్పుడైతె రాస్తుంటి. ఇప్పుడు చెయ్యి నా మాట ఇంటలేదు తమ్మీ” అని కాగితం పక్కన పెట్టింది.

పోతకిచ్చిన పాత కాగితాలైనా దొరుకుతాయేమోనని మా ఆయన మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు. పోత పోసిన ఆ దుకాణం మూతపడి ఉంది.

కొన్నాళ్లు వదిన ఆ రాత నాకు నేర్పింది. నా గీతలు బరువుగా వేలాడేవి. “మంచిగనే ఉన్నది” అనేది. బాగాలేదని ఇద్దరికీ తెలుసు.