వరండాలో తీసిన స్టార్టర్

పోయిన నెలలో ఒక పొద్దున దవాఖాన నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇగ లేడే" అన్నది. బావ నా భర్తకు అన్న. అక్క ఆయన భార్య, నా తోటికోడలు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి వరంగల్‌లో ఒకే ఇంట్లో వాళ్లు కింద, మేం పైన ఉంటున్నాం.

బావ బట్టల దుకాణం నడిపేవారు. అయినా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ట్యూబ్‌లైట్ స్టార్టర్ ఉండేది. అది అక్క కోసం. టపటపా కొట్టుకునే వెలుతురు చూస్తే ఆమెకు ఫిట్స్ వస్తాయి. పెళ్లయిన కొత్తలో వంటింట్లో లైటు వేసి, అక్కడే పడిపోయింది. గట్టు తగిలి నుదురు చిట్లిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇంటి సామాన్ల లెక్క నాది. మామూలు స్టార్టర్ ఉండగా ఈ ఖరీదైన ఎలక్ట్రానిక్‌ది ఎందుకని ఒకసారి అడిగాను. బావ రెండింటి డొప్పలూ విప్పి నా ముందు పెట్టారు.

"ఇగో చూడమ్మా. పాతదాంట్ల చిన్న గాజుబుగ్గ, అండ్ల రేకు. వేడైతే రేకు అతుక్కుంటది, చల్లారితే ఇడుస్తది. ఇడిసినప్పుడు చోక్ ట్యూబుకు ఒక్క దెబ్బ కొడతది. ట్యూబ్ అందుకోకపోతే మళ్ల మొదటికి. ఆ కొట్టుకునుడు అందుకే. కొత్తదాంట్ల రేకు లేదు. ముందుగాల ట్యూబు రెండు కొసలల్ల తీగెలను నిమ్మళంగ వేడి చేస్తది. జరసేపు చీకటే. వేడెక్కినంక సరిగ్గ ఒక్క దెబ్బ. వెలుగుతది."

"ట్యూబే పాడైతే?"

"రెండు మూడు మాట్ల చూస్తది. ఇగ కాదని ఊకుంటది. పాతదానికి ఆ తెలివి లేదు, తెల్లారేదాంక కొట్టుకుంటనే ఉంటది, మీ ఆయన లెక్క."

"వినపడ్డది అన్నా!" అన్నాడు నా భర్త మెట్ల మీంచి.

చుట్టాలింటికి పోతే అక్క గడప బయట ఆగేది. బావ ముందు లోపలికి పోయి, స్టూలు అడిగి, స్టార్టర్ మార్చి, లైటు వేసి చూసి, "ఇగ రా" అని పిలిచేవారు. పరకాల పెండ్లిలో ఎవరో, "కట్నం చదివియ్యకముందే స్టార్టర్ పెట్టిండు" అని నవ్వారు. బావ కూడా నవ్వారు. వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలేశారు. "మళ్ల వస్తం గద" అన్నారు.

చివరిసారి బావను దవాఖానలో చేర్చినప్పుడు వార్డులో పక్క మంచం పైన ట్యూబ్‌లైట్ కొట్టుకుంటూ ఉంది. అక్క ముఖం మీద కొంగు కప్పుకొని, గోడవైపు తిరిగి కూర్చుంది. బావ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "జేబుల స్టార్టర్ లేదు, మన వరండాలది తెచ్చి పెట్టమ్మా" అన్నారు. తెచ్చాను. "పడితే నన్ననొద్దు" అంటూనే నర్సమ్మ నా స్టూలు పట్టుకుంది. స్విచ్ వేస్తే క్షణం చీకటి, తర్వాత ఒక్కసారిగా వెలుగు. అక్క కొంగు తీసి ఇటు తిరిగింది. ఆ తర్వాత ఉన్న కొద్ది రోజులూ ఆయన ముఖం చూస్తూ కూర్చోగలిగింది.

పోయినరోజు ఆయనను ఇంటికి తెచ్చేసరికి పొద్దు గూకింది. వరండా చీకటిగా ఉంది. నా భర్త మూలమీది దుకాణం నుంచి మామూలు స్టార్టర్ తెచ్చి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"మనది వార్డుల్నే ఉండిపోయిందక్కా. తెప్పియ్యాల్నా?"

"ఉండనియ్యి. అక్కడ ఇంకెవరో పండుకుంటరు గద" అన్నది అక్క. ఆయన తల దగ్గర నూనె దీపంతోనే అందరం కూర్చున్నాం.

దినాలయ్యాక పుట్టింట్లో నిద్ర చేయాలి కదా. నిన్న అక్కను ములుగులో ఆమె పుట్టింటికి తీసుకొచ్చాను. నేనే ముందు వాళ్లు ఈమధ్యే కట్టిన ముందుగదిలోకి పోయి, కొని తెచ్చిన ఎలక్ట్రానిక్ స్టార్టర్ మార్చి, లైటు వేసి చూశాను.

"రా అక్కా" అన్నాను.

గది వెలుతురు గడప దాటి ఆమె పాదాల దాకా పడింది. అక్క చెప్పులు విడిచి, బయటే నిలబడి ఉంది.