నేను చెప్పినట్టే చెయ్యి

హైదరాబాద్‌లో ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకంటే ముందు “మీ అమ్మాయి ఏ కోర్సు చేస్తోంది?” అన్న ప్రశ్న వచ్చే రోజులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే ఏసీ గది, మెడలో బిళ్ల అని అమ్మ నమ్మకం. నాదీ అదే. తీరా నాకు ఉద్యోగం దొరికింది ఫిల్మ్‌నగర్‌లో, సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఓ చిన్న స్టూడియోలో. (బిళ్ల ఇచ్చారు గానీ, దాని మీద ఫొటో నాకు ముందు మానేసిన అమ్మాయిది. అడగడానికి మొహమాటపడి అలాగే వేసుకు తిరిగాను.) ఎవరినీ దేనికీ కాదనలేని మనిషిని. వద్దనలేక టీలు తాగీ తాగీ రాత్రిళ్ళు నిద్రపట్టక డైరీ రాసుకునేదాన్ని. డైరీలో మాత్రం నేను మహా గయ్యాళిని.

స్టూడియోలో ఒక్క కంప్యూటర్ మాత్రం విండోస్ కాదు, లైనక్స్‌ది. దానిలో ఏ ప్రోగ్రామ్ కావాలన్నా సీడీ పెట్టక్కర్లేదు. ప్యాకేజీ మేనేజర్ అనేదొకటి లోపలే ఉంటుంది. ఫలానాది కావాలని టైప్ చేస్తే అదే నెట్ నుంచి తెచ్చి ఎక్కిస్తుంది. దాని మర్యాదలు తెలిసినవాడు టోలిచౌకి నుంచి వచ్చి మా కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్ అన్న ఒక్కడే. ఒకరోజు అన్న సెలవు, వాళ్ళ చెల్లెలి పెళ్ళి. ఆ రోజే సాయంత్రం డైరెక్టరుగారు తన సినిమా టైటిల్స్ చూడటానికి వస్తున్నారు. టైటిల్స్ వీడియో లైనక్స్ మిషన్‌లో ఉంది, దాన్ని ఆడించే ప్లేయర్ లేదు.

“చిన్న పనేనమ్మా, ఓ ప్లేయర్ వేసి ఉంచు. ఆయనకి నచ్చితేనే మిగతా సినిమా మనకిస్తారు. నీ ఉద్యోగం పర్మనెంటు సంగతి కూడా ఆ తర్వాతే చూద్దాం” అన్నారు స్టూడియో నడిపే మా సార్. తలూపాను.

ప్లేయర్ కావాలని టైప్ చేశాను. దానికి తోడుగా ఇంకొన్ని కావాలంది. హీరోయిన్‌ని పిలిస్తే మేకప్ మనిషి, హెయిర్ డ్రెస్సరు, గొడుగు పట్టే అతనూ, వాళ్ళ అమ్మగారూ కలిసి వచ్చినట్టన్నమాట. అంతవరకూ అర్థమైంది. ఆ తర్వాతే తల తిరిగింది. వచ్చేవాళ్ళలో ఒకరికి ఉన్నవాళ్ళలో ఒకరితో పడదట, ఉన్నదాన్ని తీసేయాలట, తీస్తే దాన్ని నమ్ముకున్నవన్నీ లేచిపోతాయట. తెరనిండా పేర్లు, ఒక్కటీ తెలిసిన పేరు కాదు. అన్నిటి కిందా, ఇది ప్రమాదం, నిజంగా కావాలంటే ఈ వాక్యం టైప్ చెయ్యండి అని ఇంగ్లీషులో ఉంది: ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి!’

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నేనెవరితోనూ అనలేదు. మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదు. ఇదేమో అనమని తనే అడుగుతోంది, కాదంటే ఏం బాగుంటుంది? అటూ ఇటూ చూసి, ఆశ్చర్యార్థకంతో సహా టైప్ చేశాను. చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది. మిషన్ చెప్పినట్టే చేసింది. బొమ్మలూ, మెనూలూ, మౌస్ బాణమూ అన్నీ మాయమై, నల్లటి తెర మీద తెల్లటి గీత ఒక్కటి మినుకుమినుకుమంటూ మిగిలింది.

సిస్టమ్ అన్నకు ఫోన్ చేశాను. వెనక బ్యాండు మోగుతోంది.

“అన్నా, మౌస్ బాణం కనిపించట్లేదు.”

“బాణం ఒక్కటేనా?”

“...మిగతావి కూడా.”

“ఏం జేసినవ్ చెల్లె?”

చెప్పాను.

“గంత భయపెట్టి అడిగినా ఒప్పుకున్నవా? వద్దనాలె గద!”

“వద్దంటే బాగుండదని...”

“మిషన్‌కు మొహమాటమేందమ్మా! సరే, ఏడ్వకు. వీడియో ఏడికి పోదు. జర కాగితం తీస్కొని నేను చెప్పినట్టు చెయ్.”

(ఆ మాట ఎదుటివాళ్ళు అంటేనే నాకు హాయిగా ఉంటుంది.) బ్యాండు మోతలో ఒక్కో అక్షరం చెప్పాడు, ఒక్కో అక్షరం కొట్టాను. నల్లటి తెర మీద తెల్లటి వరసలు పైకి పాకడం మొదలెట్టాయి. పోయినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి, మహా నెమ్మదిగా. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏంటమ్మా ఇది?”

ఉద్యోగం పోయిందనుకున్నాను.

“కదలకు! అలాగే ఉంచు!” అని మా సార్ వైపు తిరిగారు. “మన హీరో బ్యాంకు కంప్యూటర్లోకి చొరబడే సీను ఉంది కదండీ, తెర మీద ఏం చూపించాలో తెలీక చస్తున్నాను. ఇదిగో! చూస్తే భయమేస్తోంది, ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అద్భుతం!”

నా పరిస్థితీ అదే, అద్భుతం తప్ప.

కృష్ణానగర్ నుంచి అద్దె కెమెరా వచ్చింది. వరసలు ఇంకా పాకుతూనే ఉన్నాయి. (నెట్ నెమ్మదిగా ఉండటం నా జీవితంలో కలిసొచ్చింది ఆ ఒక్కరోజే.) “హీరోకి టైపింగ్ రాదమ్మా. గాజులు తీసేసి నీ చేతులు పెట్టు. ఏం, ఇబ్బందా?” అన్నారు డైరెక్టరుగారు. ఇబ్బందే. “లేదండీ” అన్నాను.

షాట్ అయ్యేసరికి బొమ్మలూ బాణమూ తిరిగొచ్చాయి. ఈసారి ప్లేయర్ కూడా బుద్ధిగా ఎక్కింది. టైటిల్స్ చూసి డైరెక్టరుగారు “బావుంది” అన్నారు గానీ, ధ్యాసంతా ఆ వరసల మీదే ఉంది. సినిమా మొత్తం మాకే ఇచ్చారు. కొన్నాళ్ళకి నాకు నా ఫొటో ఉన్న బిళ్ల వచ్చింది.

సినిమా విడుదలయ్యాక అమ్మని తీసుకెళ్ళాను. హీరోగారి నుదుటి మీద చెమట, వెంటనే కీబోర్డు మీద నా వేళ్ళు. హాలంతా ఈలలు. బ్యాంకు కొల్లగొడుతున్నాడనుకుంటున్న హీరోగారు నిజానికి ఆ క్షణంలో కాలిక్యులేటరూ, పేకాటా ఎక్కించుకుంటున్నాడని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “అదేంటే, హీరో గోరింటాకు పెట్టుకున్నాడు?”

“ష్, అమ్మా.”

“అవి నీ వేళ్ళు కదుటే!”

గాజులు తీయించినవాళ్ళలో ఒక్కరూ ఆ గోరింటాకు చూడలేదు.

ఇప్పుడు నేనే నలుగురికి నేర్పే స్థితిలో ఉన్నాను. మిషన్ ఏమడిగినా చివరి పేరుదాకా చదివి, అవసరమైతే వద్దంటాను. మనుషులతోనూ అనగలుగుతున్నాను. రాత్రిళ్ళు హాయిగా నిద్రపడుతోంది, డైరీ వెనకబడింది. ఎప్పుడైనా టీవీలో ఆ సినిమా వస్తే మాత్రం చేతిలో పని ఆపేస్తాను. గోరింటాకు వేళ్ళతో బ్యాంకు దోచేస్తున్న ఆ పిల్ల, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను చెప్పినట్టే చెయ్యి అని అనబోయేముందు అటూ ఇటూ చూసుకోవడం గుర్తొస్తుంది. ఆ పిల్లకి మాత్రం వద్దని చెప్పడానికి ఇప్పటికీ నాకు మొహమాటమే.